సొట్ట

బల్ల మీద రెండు బిందెలు.
ఒకటి నీలం, ఒకటి నారింజ.
రెండింటికీ నడుం దగ్గర ఒకే వంపు,
అరచెయ్యంత.
రెండింటి డైలూ చెక్కింది నేనే.

ఆటోనగర్ నాలుగో క్రాసులో నా షెడ్డు.
ఆకురాయి నాది, అరిగిన వేళ్ళు నావి,
వంపు మాత్రం విన్నకోట వారిదట.
కలకత్తా నుంచి కాగితం వచ్చింది,
నెంబరు, తేదీ, సీలు,
ఎదుటి నుంచీ పక్క నుంచీ తీసిన ఫొటోలు.
పదేళ్ళ దాకా ఆ వంపు దగ్గరికి
ఇంకెవడూ వెళ్ళకూడదు.

జాస్తి కుటుంబరావు వెళ్ళాడు.
"అట్టాంటిదే, కాస్త తేడాగా" అన్నాడు నాతో.
కాస్త అంటే ఎంత?
రెండు మిల్లీమీటర్లు లోతు పెంచాను.
ఆ రెండు మిల్లీమీటర్ల మీద
ఇప్పుడు ఇద్దరు ప్లీడర్లు బతుకుతున్నారు.

కొలబద్ద పనికిరాదట ఇక్కడ,
కన్నే కొలబద్దట.
జడ్జిగారు అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని
నీలాన్ని చూశారు, నారింజని చూశారు,
ఆఖరికి కిటికీ వైపు చూశారు.

నన్ను బోనెక్కించారు.
పేరు నాగుల్ మీరా. తండ్రి పేరూ చెప్పాను.
"ఈ వంపు ఎక్కడిది?"

ఎక్కడిదంటే,
మా సైదాబీ అక్కది.
వించిపేట కొండ మీద ఇల్లు,
కింద కుళాయి, పైకి నూట నలభై మెట్లు.
తెల్లారగట్ల నాలుగింటికి నీళ్ళు వదిలితే
నాలుగున్నరకల్లా కట్టేసేవాళ్ళు.
నేను ఆరో తరగతి. ముసురు పట్టిన రోజు.
అక్క జారింది, సత్తుబిందె మెట్టుకి కొట్టుకుంది.
మోకాలు చిట్లింది, బిందెకి సొట్ట పడింది.
మోకాలు మానింది.
సొట్ట తీయించుకొస్తానంటే
"ఉండనియ్యిరా, నడుముకి కుదిరింది" అంది.

ఇరవై ఏళ్ళ తర్వాత విన్నకోట వారు
"ఏదైనా కొత్తగా గియ్యి మీరా" అన్నప్పుడు
నా పెన్సిలు తిన్నగా ఆ సొట్టలోకే పోయింది.

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.
నీలం, నారింజ, మధ్యలో నలుపెక్కిన సత్తు.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

విన్నకోట ప్లీడరు లేచాడు.
ఇది ఇంట్లో మూలనున్న వస్తువండీ,
లోకానికి తెలిసింది కాదు,
ప్రచురితం కాలేదు, అన్నాడు.

ప్రచురితం!
రోజూ నూట నలభై మెట్లు,
మెట్లకి రెండువైపులా వాకిళ్ళు,
పళ్ళు తోముకుంటూ కొండంతా చూసింది దాన్ని.
ఇంకెట్టా అచ్చెయ్యాలి?

అప్పుడు జాస్తి ప్లీడరు, మెత్తగా,
"ఆ వంపు అందానికా, నడుముకి ఆనడానికా?"
ఆనడానికైతే ఎవరికీ హక్కు లేదట,
పనికొచ్చేది అందరిదీనట.
అందమైతేనే రాయించుకున్నవాడిది.

చీకట్లో తడి పావడా,
ఒక్కో మెట్టుకీ ఒక్కో ఊపిరి,
ఒక్క చుక్క ఒలక్కుండా ఆ నడక
పనా, అందమా?
"తెలీదండీ" అన్నాను.
"తెలియదు" అని టైపు కొట్టారు.

ఆ కాగితం చెల్లుతుందా చెల్లదా
తేల్చాల్సింది ఇక్కడ కాదని
ఇన్నాళ్ళకి ఎవరికో గుర్తొచ్చింది.
ఫైలంతా కట్టకట్టి ఏటి అవతలికి, హైకోర్టుకి పంపారు.
అక్క బిందె కూడా వెళ్ళింది
పొట్ట మీద బి-7 అని చీటీతో.
బ్యారేజీ మీదుగానే వెళ్ళి ఉంటుంది,
కింద అన్ని నీళ్ళు, లోపల చుక్క లేకుండా.

సాంపిలు ముక్కలు రెండూ అక్కకిచ్చాను.
కరెంటు పోయింది, కొండంతా చీకటి.
ఒకటి నడుమున పెట్టుకుంది, దించింది.
ఇంకోటి పెట్టుకుని రెండడుగులు వేసి
"దీనికి ఎక్కువ తొలిచావురా, ఊగుతోంది" అంది.
రంగు చూళ్ళేదు. కొలవలేదు.

గుమ్మంలో కూర్చుని మళ్ళీ అదే మాట:
"నా బిందె ఎప్పుడిస్తారంట?"